కాగుయా-సామా: ముందు చూడాలా, ముందు చదవాలా?

మాంగా అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, యానిమే అంటే అక్కడి యానిమేషన్. జపనీస్‌లో ఈ మాంగా పేరు 'కాగుయా-సామా వా కొకురాసెతాయ్'. ఇంగ్లీషులో దాన్ని 'కాగుయా-సామా: లవ్ ఈజ్ వార్' అని తేల్చేశారు. అసలు అర్థం చెప్పాలంటే వాళ్ళకు ఒక పొడుగాటి వాక్యం పడుతుంది కాబట్టి తప్పు పట్టలేం. మనకు ఆ ఇబ్బంది లేదు. 'చెప్పు'కు 'చెప్పించు' ఉన్నట్టే వాళ్ళ క్రియకూ అలాంటి రూపం ఉంది. కాగుయా గారు చెప్పించాలనుకుంటున్నారు, అంతే. ఏమి చెప్పించాలని? ప్రేమిస్తున్నానని. ఎవరి చేత? రోజూ ఎదురుగా కూర్చునే కుర్రవాడి చేత. తాను మాత్రం చచ్చినా ముందు చెప్పదు. అతనూ అంతే. ముందు నోరు విప్పినవాళ్ళు జన్మంతా లోకువైపోతారని ఇద్దరి నమ్మకం. దీనికి తెలుగులో ఇంకా చిన్న మాట ఉంది: బెట్టు. రెండు తెలివైన బుర్రలు నెలల తరబడి బెట్టు చేస్తే ఏమవుతుందో చెప్పే కథ ఇది.

మొన్న సెలవుల్లో మా మేనకోడలు అడిగింది: "మామయ్యా, పుస్తకాలు ఇరవై ఎనిమిది ఉన్నాయి, యానిమే మూడు సీజన్లు ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?" ఇలా అడిగినవాళ్ళకు మామూలుగా 'మూలమే చదవండి' అంటాను. ఈ ఒక్క కథ విషయంలో అలా అనను. యానిమేతో మొదలుపెట్టండి, సినిమా దాకా చూడండి, ఆపైన మాంగాను 14వ సంపుటం నుంచి పట్టుకోండి. తొలి 13 సంపుటాలు ఆ తర్వాత తీరిగ్గా చదవవచ్చు. ఎందుకో చెబుతాను. ఈ సలహా ఎవరికి పనికిరాదో కూడా చెబుతాను.

ముందు లెక్కలు. అకా అకాసాకా ఈ మాంగాను 2015లో షూఏషా వారి 'మిరాకిల్ జంప్' పత్రికలో మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది అది 'వీక్లీ యంగ్ జంప్'కు మారి, 2022 నవంబరులో ముగిసింది. మొత్తం 28 సంపుటాలు, 281 అధ్యాయాలు. ఇంగ్లీషు అనువాదాన్ని విజ్ మీడియా 2018 నుంచి వేసింది. 2020లో దీనికి షోగాకుకాన్ మాంగా పురస్కారం వచ్చింది. యానిమేను ఎ-1 పిక్చర్స్ తీసింది. 2019లో 12 భాగాలు, 2020లో 12, 2022లో 13 వచ్చాయి. 2022 డిసెంబరులో జపాన్ థియేటర్లలో సినిమా విడుదలైంది. అన్నీ కలిపినా పదహారు, పదిహేడు గంటల పని, అంటే రెండు వారాంతాలు. సినిమా ముగిసేసరికి కథ సగం దాటి కొంచెం ముందుకు వస్తుంది. మిగతా సగం నేను చెబుతున్న ఈ దారిలో పుస్తకాల్లోనే.

ఒక గొంతు చేసిన మేలు

కథాస్థలం షూచిఇన్ అకాడమీ, పెద్దింటి పిల్లల బడి. షినోమియా కాగుయా దేశంలోని నాలుగు అతి పెద్ద వ్యాపార కుటుంబాలలో ఒకదాని కూతురు, విద్యార్థి మండలికి ఉపాధ్యక్షురాలు. షిరోగానే మియుకి డబ్బులేని ఇంటి కుర్రవాడు. నిద్ర మానుకుని చదివి, బడిలో మొదటి ర్యాంకు నిలబెట్టుకుంటూ అధ్యక్షుడయ్యాడు. కళ్ళ కింద నల్లటి చారలే అతని ఆస్తి. కార్యదర్శి ఫుజివారా చికా పనిచేసే తర్కం దేవుడికే తెలియాలి. కోశాధికారి ఇషిగామి యూ తలుపు పక్క నుంచి జారుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు.

మొదటి అధ్యాయాన్నే తీసుకుందాం. ఫుజివారాకు లాటరీలో రెండు సినిమా టికెట్లు వచ్చాయి, తాను వెళ్ళలేదు కాబట్టి వీళ్ళకు ఇస్తానంటుంది. 'వెళ్దామా' అని ముందు అడిగినవాళ్ళు ఓడినట్టు. అక్కడి నుంచి ఇద్దరి తలల్లోనూ చదరంగం మొదలవుతుంది. ఆమె ఇలా అంటే నేను ఇలా, అతను అలా తిప్పితే నేను అలా. మెదళ్ళు వేడెక్కి, చక్కెర కోసం అల్లాడే స్థితికి వస్తారు. బల్ల మీద ఒకే ఒక్క మంజూ మిగిలి ఉంటుంది, లోపల తీపి ముద్ద పెట్టి చేసే మిఠాయి. ఇద్దరి చూపూ దాని మీదే. వాళ్ళ లెక్కలు తేలకముందే ఫుజివారా దాన్ని నోట్లో వేసుకుంటుంది. ఆనాటి ఫలితం ప్రకటిస్తారు: ఇద్దరూ ఓడిపోయారు.

ఇది మాంగాలో చదివితే ఎలా ఉంటుంది? నిజం చెప్పాలంటే, కొంచెం బరువుగా. ప్రతి గడిలోనూ అక్షరాలే. పాత్రల మాటల బుడగలు, వాళ్ళ మనసులో మాటల బుడగలు, వీటికి తోడు కథకుడి వ్యాఖ్యానం పెట్టెల్లో. ఎవరి ఎత్తు ఏమిటో, దానికి పైఎత్తు ఏమిటో ఆ పెట్టెలే విడమరిచి చెబుతాయి. తొలి సంపుటాల్లో అకాసాకా గీత కూడా ఇంకా బిగుసుకునే ఉంటుంది. బొమ్మ అక్షరాల వెనక నక్కినట్టు కనిపిస్తుంది. నేను మొదటిసారి రెండో సంపుటం మధ్యలో పక్కన పెట్టేశాను. హాస్యం లేక కాదు, ఆ పెట్టెలను ఏ గొంతుతో చదువుకోవాలో తెలియక.

యానిమే ఆ గొంతును ఇచ్చింది. యుతాకా అఒయామా అనే నటుడు కథకుడి పాత్రకు గొంతు ఇచ్చాడు. యుద్ధాల మీద తీసిన డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చెబుతున్నంత గంభీరంగా, డబ్బాలో తెచ్చుకున్న సాసేజి ముక్క గురించి చెబుతాడు. ఆ సాసేజిని ఆక్టోపస్ ఆకారంలో కోశారు. అది కాగుయా ఎన్నడూ రుచి చూడని పేదింటి వంట. షిరోగానే డబ్బాలో ఉన్న దాన్ని అడిగితే పరువు పోతుంది. దేశ సరిహద్దు దాటుతున్నట్టు ఆ గొంతు పెరుగుతూ పోతుంది. పుస్తకంలో నన్ను ఆపేసిన పెట్టెలే ఇక్కడ నవ్వుకు ఇరుసులయ్యాయి.

ఇది యాదృచ్ఛికం కాదని నా అనుమానం. దర్శకుడు షినిచి ఒమాతా ఇంతకుముందు తీసినది 'షోవా గెన్‌రొకు రకుగో షిన్‌జూ', రకుగో కళాకారుల జీవితాల మీద వచ్చిన యానిమే. రకుగోలో ఒకే మనిషి మెత్త మీద కూర్చుని, చేతిలో విసనకర్ర, ఒక చేతిగుడ్డతో కథలోని పాత్రలన్నీ తానే అవుతాడు. మన హరిదాసు నిలబడి, గజ్జె కట్టి ఆడి చెబుతాడు. రకుగో కళాకారుడు కూర్చున్న చోటు నుంచి లేవకుండా తల తిప్పి పాత్ర మారుస్తాడు. గొంతు ఎక్కడ ఆగాలి, ఎక్కడ అందుకోవాలి అన్నదే అక్కడ ప్రాణం. అది చేతికి అబ్బిన దర్శకుడికి ఈ వ్యాఖ్యానపు పెట్టెలు బంగారు గనిలా కనిపించి ఉంటాయి.

కాగుయాకు గొంతు ఇచ్చిన అఓయ్ కోగాకు 2020లో, గొంతు నటులకు ఇచ్చే సెయియూ పురస్కారాల్లో ఉత్తమ కథానాయిక బహుమతి వచ్చింది. ఒకే సన్నివేశంలో మంచుముక్కలా మాట్లాడిన పిల్ల, మరుక్షణం నోట మాట రాక పిచ్చుకలా కీచుమంటుంది. పేజీలో ఈ మార్పును బొమ్మ చూపిస్తుంది. చెవికి అందడం వేరు.

షిరోగానే పాటల సంగతి మరీ ప్రత్యేకం. సర్వం తెలిసిన ఈ అధ్యక్షుడికి పాడటం రాదు. ఫుజివారాకు దొరికిపోతాడు, నేర్పమని బతిమాలుతాడు. మాంగాలో అతని పాట వంకర అక్షరాలుగా, ఫుజివారా ప్రాణం పోతున్న ముఖంగా కనిపిస్తుంది. మనం ఊహించుకోవాలి. యానిమేలో మకొతో ఫురుకావా నిజంగానే అంత ఘోరంగా పాడాడు. చక్కగా పాడగల నటుడు శ్రుతి తప్పించి పాడటానికి ఎంత కష్టపడి ఉంటాడో అనుకుంటూ నవ్వాను. ఈ ఒక్క విషయంలో పుస్తకం పోటీలోనే లేదు.

పాటల గురించి ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. మూడు సీజన్ల ప్రారంభగీతాలూ పాడింది మసయుకి సుజుకి, ఆరు పదులు దాటిన గాయకుడు. బడిపిల్లల కథకు ఆ పాతకాలపు గొంతు అతికిన తీరు వింటేనే తెలుస్తుంది. ఇక తొలి సీజన్ మూడో భాగం చివర ఫుజివారా ఒంటరిగా చేసే నృత్యం ఉంది. ఆ ఒక్క భాగం కోసమే చేసినది. ఈ సిరీస్ చూడనివాళ్ళు కూడా దాన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నిజమైన నృత్యాన్ని చిత్రీకరించి దాని మీద గీసుకుంటూ వెళ్ళడంతో ఆ కదలిక అంత సహజంగా వచ్చింది.

పుస్తకం గెలిచే చోట్లు

ఇంత చెప్పాక మాంగా ఎందుకు అంటారేమో. ఒకటి, వేగం మన చేతిలో ఉంటుంది. యానిమేలో ఒక్కో భాగంలో సాధారణంగా మూడు చిన్న కథలు ఇరికించారు. చూపు ఒక ముఖం మీద నిలిచేలోపు తెర మారిపోతుంది. పుస్తకంలో ఇషిగామి ముఖం పాలిపోయిన గడి దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు, వెనక్కి తిప్పి కాగుయా అంతకుముందు ఏమన్నదో చూసి మళ్ళీ నవ్వుకోవచ్చు. ఎత్తులు, పైఎత్తులు ఉన్న హాస్యానికి వెనక్కి తిప్పుకునే వీలు చాలా అవసరం. నా దగ్గరున్న మూడో సంపుటంలో ఒక పేజీ ఇలా తిప్పి తిప్పి అంచు మెత్తబడిపోయింది.

రెండోది, మౌనం. తొలి సీజన్ చివర బాణసంచా కథ ఉంది. కాగుయా జీవితంలో మొదటిసారి స్నేహితులతో బాణసంచా చూడాలని ఆశపడుతుంది. ఇంట్లోవాళ్ళు ఆ రోజే కాలు బయట పెట్టనివ్వరు. ఆమె దగ్గర పనిచేసే హయసాకా సాయంతో తప్పించుకుని వెళ్ళేసరికి అంతా అయిపోతుంది. అక్కడ షిరోగానే వచ్చి, అందరినీ టాక్సీ ఎక్కించి, మరోచోట ఇంకా సాగుతున్న బాణసంచా వైపు తీసుకెళ్తాడు. చివరికి ఆకాశం వెలిగినప్పుడు ఆమె చూసేది ఆకాశాన్ని కాదు, పక్కనున్నవాడి ముఖాన్ని. గుండె చప్పుడులో బాణసంచా చప్పుడు వినిపించదు.

కాగితానికి ఎలాగూ చప్పుడు ఉండదు. అందుకే ఆ పేజీ దగ్గర రచయిత ఏమీ చేయనక్కర్లేకుండానే నిశ్శబ్దం వచ్చేసింది. అంతవరకు అక్షరాలతో కిక్కిరిసిన పుస్తకంలో హఠాత్తుగా అక్షరాలు పలచబడతాయి. ఆ ఖాళీయే ఆమె గుండె. యానిమేకు ఇది అంత తేలిక కాదు. ఉన్న చప్పుడును వెనక్కి నెట్టి నిశ్శబ్దాన్ని కట్టాలి. ఒమాతా బాగానే కట్టాడు, రంగులూ ఉన్నాయి, నాకూ కళ్ళు చెమర్చాయి. అయినా ఆ ఒక్క చోట నా ఓటు నలుపు తెలుపు పేజీకే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం. రెండో సీజన్‌లో పున్నమి చంద్రుణ్ణి చూసే రాత్రి ఉంది. పేర్లలోనే ఒక పాత కథ దాగి ఉంది, తెలుసుకుంటే రుచి పెరుగుతుంది. వెదురు బొంగులో దొరికిన పాప కాగుయా-హిమే పెరిగి అందగత్తె అవుతుంది. పెళ్ళికి వచ్చిన గొప్పవాళ్ళను అసాధ్యమైన వస్తువులు తెమ్మంటుంది. చివరికి అందరినీ వదిలి చంద్రలోకానికి తిరిగి వెళ్ళిపోతుంది. వెయ్యేళ్ళ నాటి ఈ జానపద కథ జపాన్‌లో చిన్నపిల్లలకూ తెలుసు. నక్షత్రాల పిచ్చి ఉన్న షిరోగానే, ఆకాశం కనిపించగానే బెట్టు సంగతే మరిచి, నేనైతే కాగుయాను వెళ్ళనివ్వను అంటూ ఆ కథ గురించి అమాయకంగా మాట్లాడతాడు. వింటున్న కాగుయా పరిస్థితి చూడాలి! అది తెర మీద చూడవలసిన దృశ్యం. ఆ నీలం కాగితం మీద రాదు.

మన చెవికి మాత్రమే అందే సంగతి

షిరోగానే ఆమెను 'షినోమియా' అంటాడు, ఇంటిపేరుతో. ఆమె అతన్ని 'కైచో' అంటుంది, అధ్యక్షా అని. అసలు పేర్లు నోటికి రావు. భర్తను పేరు పెట్టి పిలవక 'ఏమండీ' అనే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇందులో ఉన్న సిగ్గూ, దగ్గరతనమూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పేరుతో పిలుపు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం కూడా కథలో భాగమే. జపనీస్ మాటలతో చూస్తే ఆ 'కైచో'లు లెక్కపెట్టుకోవచ్చు. ఇంగ్లీషు పేజీలో మన్నన సగం ఆవిరైపోతుంది.

షిరోగానే పీడకలలో వినిపించే ఒక మాట ఉంది: 'ఓకావాయీ కొతో'. తాను బయటపడితే కాగుయా పైనుంచి కిందికి చూస్తూ ఇలా అంటుందని అతని భయం. ఇంగ్లీషులో 'ఎంత ముద్దుగా ఉంది' అన్నంత సాదాగా వస్తుంది. అసలు పస ముందున్న 'ఓ'లో ఉంది. అది గౌరవం. గౌరవంతో చేసే వెటకారం. "తమరు ఎంత ముద్దొస్తున్నారండీ!" అని ఒకసారి లోపల అనుకుని చూడండి, షిరోగానేకు చెమటలు ఎందుకు పట్టాయో తెలుస్తుంది.

కాబట్టి జపనీస్ మాటలు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అన్నది నా ఎంపిక. ఇంగ్లీషు డబ్బింగ్ చెడ్డదేమీ కాదు. ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి: సబ్‌టైటిల్స్ పరుగెత్తుతాయి. పాత్ర మాట, మనసులో మాట, కథకుడి మాట ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, పైగా తెర మీద కూడా రాతలు. ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవాళ్ళకు ఇది శిక్షే. మా అక్క రెండు భాగాలు చూసి, "బొమ్మ ఎప్పుడు చూడాలిరా, అంతా చదవడమే అయితే?" అని లేచిపోయింది. అలాంటివాళ్ళు డబ్బింగ్‌తో చూడండి. లేదా నా సలహాను పక్కన పెట్టి నేరుగా మాంగా తీసుకోండి. అది మిమ్మల్ని తొందరపెట్టదు.

సినిమా దగ్గర చేతులు మారడం

తొలి సీజన్ అయిదో సంపుటం దగ్గర ఆగుతుంది. మూడో సీజన్ చివర బడి ఉత్సవం, అది పుస్తకాల్లో 14వ సంపుటం. అక్కడ ఏమవుతుందో చెప్పను. చెప్పకపోయినా ఆ వెంటనే వచ్చిన సినిమా పేరు 'ది ఫస్ట్ కిస్ దట్ నెవర్ ఎండ్స్'. పేరే గుట్టు విప్పేసింది, నేనేమి చేయను!

ఈ ప్రయాణంలో యానిమే కథలను అదే వరుసలో చెప్పలేదు. కొన్నింటిని ముందుకూ వెనక్కూ జరిపింది, కొన్నింటిని వదిలేసింది. జరిపినందువల్ల ఎక్కువచోట్ల మేలే జరిగింది. పుస్తకంలో దూరదూరంగా ఉన్నవి పక్కపక్కన చేరి ఒక్కో భాగానికి ఒక మూడ్ వచ్చింది. వదిలేసినవి మాత్రం లోటే. తొలి 13 సంపుటాలు తర్వాతైనా చదవమన్నది వాటి కోసమే. చూసిన కథే కదా అని దాటేయకుండా చదివితే మధ్యమధ్య మీరెన్నడూ చూడని అధ్యాయాలు తగులుతాయి. పైగా ఇప్పుడు ఆ పెట్టెలన్నీ అఒయామా గొంతుతో వినిపిస్తాయి. నేను రెండో సంపుటం మళ్ళీ తెరిచింది అలాగే. గతంలో విసిగించిన పేజీలు గలగలా సాగిపోయాయి.

ఇషిగామి కథ వచ్చే క్రీడోత్సవం (రెండో సీజన్ చివర్లో) రెండింటిలోనూ తప్పనిసరి. అప్పటిదాకా నవ్వించడానికే ఉన్నట్టున్న కుర్రవాడి గతం అక్కడ తెలుస్తుంది. ఈ సిరీస్ ఒట్టి పరాచికం కాదని నాకు అర్థమైంది అప్పుడే.

సినిమా తర్వాత పుస్తకానికి మారేటప్పుడు 14 నుంచి మొదలుపెట్టమంటున్నాను గాని, సినిమా ఆగినచోటి నుంచి కాదు. ఒకటి రెండు సంపుటాలు చూసిన కథనే మళ్ళీ చదువుతారు. అది దండగ కాదు. సినిమా స్వరం గంభీరం. వెన్నెల వెలుగులో, మెల్లగా, కాగుయా లోపలున్న భిన్నమైన మనుషులను ఒక్కొక్కరినే చూపుతుంది. అదే కథ మాంగాలో మరింత అల్లరిగా ఉంటుంది. ఒకే సంఘటనకు రెండు లయలు పక్కపక్కన పెట్టి చూస్తే, కలం ఒకరిది, కెమెరా ఇంకొకరిది అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. కాగితానికి కన్ను అలవాటు పడటానికి కూడా ఆ రెండు సంపుటాలు పనికొస్తాయి. మాంగా కొత్తవాళ్ళు గుర్తుంచుకోవలసినది ఒకటి: పుస్తకం మనం వెనక అట్ట అనుకునే వైపు నుంచి తెరుచుకుంటుంది, గడులు కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదటి పది పేజీలు కన్ను తడబడుతుంది, ఆ తర్వాత మరిచిపోతారు.

ఇక రెండో సగం. ఇక్కడ నేను కొంచెం కటువుగా ఉంటాను. బెట్టు మీద కట్టిన ఇంట్లో బెట్టు సడలాక ఏమి మిగులుతుంది? అకాసాకాకు ఈ చిక్కు తెలుసు, ధైర్యంగా ఎదుర్కొన్నాడు కూడా. ప్రేమను ఒప్పుకోవడంతో కథ ముగించి చేతులు దులుపుకోకుండా, ఒప్పుకున్న తర్వాత ఇద్దరూ ఒకరితో ఒకరు నిజం మాట్లాడటం ఎలా నేర్చుకుంటారో రాశాడు. గీత అప్పటికి పూర్తిగా చేతికి వచ్చింది. కళ్ళతోనే సంభాషణ నడిపించగలడు. క్యోటో విహారయాత్రలో హయసాకాకు దక్కిన కథ మొత్తం సిరీస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టం. అప్పటిదాకా పనిమనిషిగా, వేషాలు మార్చే సహాయకురాలిగా వెనకే ఉన్న పిల్ల ముందుకు వచ్చి నిలబడుతుంది. దాని కోసమైనా పుస్తకాలు కొనండి అంటాను.

చివరి సంపుటాలు మాత్రం నన్ను పూర్తిగా ఒప్పించలేదు. విద్యార్థి మండలి గది నుంచి కథ షినోమియా కుటుంబ వ్యాపార రాజకీయాల్లోకి వెళ్ళింది. అన్నదమ్ముల కుట్రలు, కోట్ల లెక్కలు. సాసేజి ముక్క మీద యుద్ధం ప్రకటించిన రచన అది, నిజమైన యుద్ధం వచ్చేసరికి హడావిడి పడింది. రచయిత 2020 నుంచి 'ఒషి నో కో' అనే మరో మాంగాకు కూడా కథ రాస్తూ వచ్చాడు. ఇది ముగిశాక ఇక బొమ్మలు గీయనని, రాతకే పరిమితమవుతానని ప్రకటించాడు. అలసట ఎక్కడో కనిపించింది అనుకుంటాను. కొన్ని జంటల కథలు మనకే వదిలేశాడు. అది కొందరికి నచ్చింది, నాకు కాస్త వెలితిగా అనిపించింది. అయినా చివరి అధ్యాయం చదివి పుస్తకం మూసినప్పుడు కోపం రాలేదు.

డబ్బు మాట కూడా చెప్పాలి కదా. 28 సంపుటాలూ కొనాలంటే వేలల్లో ఖర్చు, అలమారలో ఒక అర మొత్తం పోతుంది. నేను చెప్పిన దారిలో అయితే ముందు 14 నుంచి 28 దాకా కొంటే చాలు. మనసు ఆగకపోతే మిగతావి తర్వాత. డిజిటల్ ప్రతులు చవక, కానీ రెండు పేజీలను కలిపి వేసిన బొమ్మలు ఫోను తెర మీద నలిగిపోతాయి. ట్యాబ్లెట్ ఉంటే సరే.

2021లో వచ్చిన ఓవీఏను (టీవీలో కాకుండా విడిగా అమ్మిన భాగం) నిశ్చింతగా వదిలేయండి. కథకు కలిసేది ఏమీ లేదు, హాస్యమూ చవకబారుది. మనుషులు నటించిన సినిమాలు కూడా రెండున్నాయి, 2019లో ఒకటి, 2021లో ఒకటి. షో హిరానో, కన్నా హషిమోతో జంట ముచ్చటగానే ఉంటుంది. కానీ బొమ్మల్లో సహజంగా ఉన్న అతి, మనుషుల ముఖాల మీద అతిగానే మిగిలింది.

నా సలహా ఈ సిరీస్‌కు మాత్రమే అని మళ్ళీ గుర్తు చేస్తున్నాను. ఉదాహరణకు 'హోరిమియా' అడిగి ఉంటే సమాధానం తిరగబడేది. అక్కడ 2021లో మాంగా కథనంతా 13 భాగాల్లో కుదించారు. వదిలేసినవి చాలక, 2023లో 'ది మిస్సింగ్ పీసెస్' అని విడిగా ఇంకో 13 భాగాలు తీయవలసి వచ్చింది. అలాంటిచోట పుస్తకమే ముందు. కాగుయాకు ఆ తొందర తగల్లేదు. మూడు సీజన్లు పట్టి సగం కథ చెప్పారు, అందుకే నమ్మకంగా తెర వైపు చూపిస్తున్నాను.

నేరుగా మాంగాతోనే మొదలుపెట్టవలసినవాళ్ళు కూడా ఉన్నారు. చదరంగం సమస్యలను పేపర్లో చూసి బుర్రలో ఆడుకునేవాళ్ళు, డిటెక్టివ్ నవల చివరి పేజీ ముందే తిప్పనివాళ్ళు, ఎదుటి పాత్ర తర్వాతి ఎత్తు ఏమిటో తామే పట్టుకోవాలనుకునేవాళ్ళు. యానిమే ఆ ఆలోచించే వ్యవధి ఇవ్వదు, జవాబు కథకుడు అరిచి చెప్పేస్తాడు. మీరు ఆ బాపతు అయితే మొదటి సంపుటం, మొదటి పేజీ. అక్షరాల బరువుకు భయపడకండి, నాలుగో సంపుటం నుంచి గీతా మాటా రెండూ తేలికపడతాయి.

మా మేనకోడలు చూడటం మొదలుపెట్టి మూడు వారాలైంది. ఎక్కడిదాకా వచ్చావని అడిగితే, "అబ్బే, అంతగా నచ్చలేదు, ఏదో ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకుంటున్నా" అంది. నిన్న రాత్రి పదకొండున్నరకు సందేశం పంపింది: "14వ సంపుటం మీ దగ్గర ఉందా?"